కర్టెయిల్‌ని ‘తగ్గించు’ అని రాసేస్తే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. ఒక ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ తెలుగు చేస్తున్నానండీ. అందులో ట్రిప్ క్యాన్సిలేషన్ అని ఒకటి, ట్రిప్ కర్టెయిల్‌మెంట్ అని ఇంకోటి పక్కపక్కనే ఉన్నాయి. డిక్షనరీ చూస్తే కర్టెయిల్ అంటే తగ్గించు, కత్తిరించు అని ఉంది. ‘ప్రయాణ తగ్గింపు’ అని రాస్తే ఏదో డిస్కౌంట్ ఇస్తున్నట్టు వినిపిస్తోంది. ఏమనాలో పెద్దలు చెప్పండి.

—

మీ చెవి కరెక్టుగానే చెప్పిందండీ, అక్కడ తగ్గింపు అస్సలు పెట్టకండి. క్యాన్సిలేషన్ అంటే బయల్దేరకముందే మానుకోవడం. కర్టెయిల్‌మెంట్ అంటే బయల్దేరి వెళ్లాక, అక్కడ ఉండగా ఒంట్లో బాగోకనో, ఇంటి దగ్గర ఎవరికైనా సీరియస్ అని ఫోన్ వచ్చో, అనుకున్న రోజుకన్నా ముందే వెనక్కి వచ్చేయడం. క్లెయిమ్ కూడా మామూలుగా దాన్నిబట్టే మారుతుంది, రెండోదాంట్లో వాడుకోకుండా మిగిలిపోయిన హోటల్ రోజుల్లాంటివి లెక్కలోకి వస్తాయి. అందుకని ‘ప్రయాణాన్ని అర్ధాంతరంగా ముగించుకోవడం’ అని రాయండి. పొడుగైతే అయింది, సంతకం పెట్టేవాళ్లకి దేనికి పెడుతున్నారో తెలియాలి.

ఇక మాట సంగతికొస్తే, రెడ్యూస్ దేనికైనా పనికొస్తుంది, బరువు, ధర, స్పీడు, కూరలో ఉప్పు, ఏదైనా. కర్టెయిల్‌కి మాత్రం ముందు ఒక నిడివో హద్దో ఉండాలి, ఇన్నాళ్లు జరగాలి, ఇంతవరకు అధికారం ఉంది, ఇంత ఖర్చు పెడతాం అని ఒకటి అనుకుని ఉండాలి, దాన్ని అక్కడిదాకా పోనివ్వకుండా తెగ్గొడితే అది కర్టెయిల్. అందుకే బరువుకి ఈ మాట వాడితే వినడానికే అదోలా ఉంటుంది. 2020లో పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు ఏప్రిల్ 3 దాకా జరగాల్సింది, కరోనా వల్ల మార్చి 23నే ముగించేశారు చూడండి, కర్టెయిల్ అంటే సరిగ్గా అది.

మన పేపర్లలో స్పోర్ట్స్ పేజీ రాసేవాళ్లు దీనికి ఎప్పుడో చక్కటి మాట పట్టుకున్నారు. వానపడితే ‘మ్యాచ్‌ను 20 ఓవర్లకు కుదించారు’ అంటారు, అసలు ఆటే జరగకపోతే ‘రద్దయింది’ అంటారు. డక్‌వర్త్ లూయిస్ లెక్క వచ్చిందే ఈ కుదించిన మ్యాచ్‌ల కోసం. నా ఉద్దేశంలో కర్టెయిల్‌కి కుదించు మంచి జోడీ, కాకపోతే ప్రతిచోటా అతకదు, ఎందుకంటే కుదించడంలో ఉన్న సరుకంతా ఉంచి చిన్నది చేయడం అనే అర్థం కూడా ఉంది, కంప్యూటర్‌లో ఫైల్ కుదించినట్టు. కర్టెయిల్ చేస్తే తెగ్గొట్టిన ముక్క పోయినట్టే. హక్కులు, అధికారాలు, నిధులు అన్నప్పుడు ‘కత్తెర వేశారు’, ‘కోత పెట్టారు’ అంటేనే ఆ పోయిందన్న సంగతి తెలుస్తుంది.

పుట్టుక చెప్పకుండా ఉండలేను. 16వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు తోక కోసేసిన గుర్రాన్ని కర్టల్ అనేవాళ్లు, అది ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనక లాటిన్ కుర్తుస్ ఉంది, అంటే పొట్టిగా కోసినది. నిజానికి ఆ మాటలో తోక అనే ముక్కే లేదు, జనం తోకని తలుచుకుని చివర్న టెయిల్ తగిలించేశారు. కుక్క తోక కోయడం నుంచి పుట్టిందని ఒక కథ తిరుగుతూ ఉంటుంది గానీ నమ్మకండి. ముక్తసరిగా మాట్లాడితే కర్ట్ అంటారే, అదీ ఈ కుర్తుస్ బిడ్డే. ఇంకా నాకు బాగా నచ్చేది ఏంటంటే, మన కత్తెర సంస్కృతం కర్తరి నుంచి వచ్చింది, దాని ధాతువు కృత్ అంటే కోయడం, ఆ కృత్‌నీ లాటిన్ కుర్తుస్‌నీ భాషాశాస్త్రజ్ఞులు ఒకే పాత మూలానికి చేరుస్తారు. కాబట్టి అధికారాలకి కత్తెర వేశారు అని మీరు రాసినప్పుడు దూరపు చుట్టాన్నే పిలిచినట్టు.

—

చాలా బాగా చెప్పారు గురువుగారూ. మరి కర్బ్ కూడా ఇలాంటిదేనా? నేను రెండూ కలిపేసి వాడేస్తుంటా.

—

వేరండీ. అది కూడా గుర్రం దగ్గర్నుంచి వచ్చిందే గానీ అది కళ్లెం సామాను. తెలుగులో అచ్చంగా అదే ఉంది కదా, ‘ధరలకు కళ్లెం’ అని. కళ్లెం వేస్తే గుర్రం అదుపులో ఉంటుంది, తోక తోకలాగే ఉంటుంది. పెరిగేదాన్ని అదుపు చేస్తే కర్బ్, ఉన్నదాన్ని తెగ్గోస్తే కర్టెయిల్. ధరలు, కోపం, అవినీతి, వీటికి కర్బ్ వాడండి.

—

నేను కరెంటు లైన్లో పనిచేసినవాణ్ని, మా దగ్గర ఇంకో చిక్కుంది. మధ్యాహ్నం ఎండ బాగా కాసి సోలార్ ఎక్కువొచ్చిందనుకోండి, అంత వాడకం లేకపోయినా, లైన్లు మోయలేకపోయినా, ప్లాంటువాళ్లని ఉత్పత్తి దించమంటారు. దాన్నే కర్టెయిల్‌మెంట్ అంటారు. 2019లో ఆంధ్రాలో విండ్, సోలార్ కంపెనీలు హైకోర్టుకెక్కిన గొడవలో రేట్లతో పాటు ఇదీ ఉంది. దీన్ని ‘సౌర విద్యుత్ కోత’ అని రాస్తే చదివినవాళ్లు ఇళ్లల్లో కరెంటు పోయిందనుకుంటారు, ఉన్నదేమో దానికి పూర్తిగా ఉల్టా, కరెంటు ఎక్కువై ఆపిస్తున్నారు!

—

భలే పాయింటు పట్టుకున్నారండీ, నాకు తట్టనే లేదు. అక్కడ కోత వద్దు, కుదింపు కూడా వద్దు, ‘ఉత్పత్తి తగ్గించమన్నారు’ అని వాక్యంగా రాసేయడమే మేలు. మీ డిపార్టుమెంటులో నోటిమాటగా ఏమంటారు?

—

బ్యాక్‌డౌన్ అంటామండీ. ‘ఫలానా ప్లాంటుని బ్యాక్‌డౌన్ చేయించారు’ అని. తెలుగు మాటైతే ఇంతవరకు ఎవరి నోటా వినలేదు.