పాత గార్డెన్ ట్రాక్టర్‌కి వేరే మోడల్ డెక్: బెల్టు ఊడిపోతోంది

ఉండేది ఒహాయోలో, ఎకరన్నర గడ్డి. 1990ల నాటి గార్డెన్ ట్రాక్టర్‌కి వేరే మోడల్‌ది 42 అంగుళాల సెకండ్ హ్యాండ్ డెక్ (ట్రాక్టర్ కింద వేలాడే, గడ్డి కోసే బ్లేడ్ల పెట్టె) బిగించాను. బ్లేడ్లు ఆన్ చేసి డెక్‌ని ఎత్తు మార్చే లివర్ కింది నాచ్‌లోకి (గాడిలోకి) దించితే అర నిమిషంలో బెల్టు ఇంజన్ పుల్లీ మీంచి ఊడిపోతోంది. పై నాచ్‌లో ఊడదు, కానీ అంత ఎత్తులో గడ్డేం తెగుతుంది!

కొత్త బెల్టు వేశాను, బెల్టుని బిగువుగా పట్టే ఐడ్లర్ పుల్లీ స్ప్రింగ్ మార్చాను. స్పిండిళ్లు (బ్లేడ్లు తిరిగే ఇరుసులు) చేత్తో తిప్పితే నున్నగానే తిరుగుతున్నాయి. డెక్ ముందు భాగం వెనక కంటే పావు అంగుళం కిందికి పెట్టాను. బెల్టు మాత్రం ఒక అంచే అరిగి నల్లపొడి రాలుతోంది. స్కేలు పెట్టి చూస్తే, కింది నాచ్‌లో డెక్ పుల్లీలు ఇంజన్ పుల్లీ కంటే అంగుళమున్నర కిందికి పోతున్నాయి. నా అనుమానం దాని మీదే.

ఇలా బిగించినవాళ్లు చెప్పండి: డెక్ వేలాడే లింకులు పొట్టివి చేయించాలా, ఇంజన్ పుల్లీ పైన స్పేసర్ వేసి దాన్నే కిందికి దించాలా?