బొమ్మలు వేయడం రానివారు డిజిటల్ చిత్రకళను ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
నమస్కారమండి. నా వయసు 34, చేసేది లెక్కలు చూసే ఉద్యోగం. బడిలో సైన్సు రికార్డులో వేసిన మందారపువ్వు తప్ప నేను గీసిన బొమ్మ లేదు. రెండు నెలల క్రితం తెరలేని పెన్ టాబ్లెట్ (పెన్నుతో గీస్తే గీత ల్యాప్‌టాప్ తెర మీద పడే పలక) ఒకటి కొని, ల్యాప్‌టాప్‌లో క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకున్నాను. చెయ్యి ఒకచోట, చూపు మరొకచోట ఉండడంతో గీత అనుకున్న చోట పడడం లేదు. వృత్తం గీస్తే అడ్డంగా సాగిన కోడిగుడ్డులా వస్తోంది. తెర ఉన్న టాబ్లెట్ కొనాలా, లేక ముందు కాగితం మీద నేర్చుకోవాలా?

మొదటి సమాధానం:
ఇప్పుడే డబ్బు ఖర్చు పెట్టకండి. ఆ కోడిగుడ్డు తప్పు మీ చేతిది కాకపోవచ్చు. టాబ్లెట్ మీద గీసే భాగం అడ్డం, నిలువు కొలతలు 16:10 నిష్పత్తిలోనూ, తెర 16:9 నిష్పత్తిలోనూ ఉంటే, నిలువు కొలత పదో వంతు కుదించుకుపోతుంది. టాబ్లెట్‌తో వచ్చిన డ్రైవర్ (దాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో రెండింటి నిష్పత్తినీ సమానం చేయండి. టాబ్లెట్ మీద కింది అంచున సన్నని పట్టీ పనికిరాకుండా పోతుంది, అంతే. గీత వణుకుతుంటే క్రిటాలో వణుకును సరిచేసే స్టెబిలైజర్ ఉంది కానీ, దాన్ని ఎక్కువగా పెడితే గీత పెన్ను వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది.

రెండవ సమాధానం:
పై సలహా సరైనదే గాని, పరికరం కుదిరినంత మాత్రాన బొమ్మ కుదరదు. రోజూ కాఫీ తాగే స్టీలు గ్లాసును ఎదురుగా పెట్టుకుని పెన్సిలుతో గీయండి. కంటిమట్టానికి కిందుగా ఉన్న గ్లాసులో పైఅంచు సన్నని దీర్ఘవృత్తంగానూ, అడుగు అంతకంటే గుండ్రంగానూ కనిపిస్తుంది. కొత్తవారు దాదాపు అందరూ అడుగును సరళరేఖగా గీసేస్తారు, ఎందుకంటే గ్లాసు బల్లమీద నిలబడిందని వారికి తెలుసు. తెలిసినదాన్ని కాక కనిపించినదాన్ని గీయడమే అసలు కష్టం. చుక్కల ముగ్గులు వేసే అలవాటున్నవారికి దూరాలను కంటితో అంచనా వేయడం కొంత తొందరగా పట్టుబడుతుందని నా అభిప్రాయం. రంగుల జోలికి వెళ్లకుండా కొన్నాళ్లు నలుపు, తెలుపు, బూడిద ఛాయలతోనే వెలుగునీడలు సాధన చేయండి.

మూడవ సమాధానం:
ఒక చిన్న మాట. ముద్రించుకునే ఆలోచన ఉంటే కాన్వాసును మొదటే 2480 × 3508 పిక్సెళ్లకు పెట్టుకోండి. అది 300 డిపిఐ (అంగుళానికి 300 చుక్కలు) వద్ద ఏ4 కాగితం కొలత. చిత్తుగీతలు ఒక లేయర్‌లో (ఒకదానిపై ఒకటి పరిచే పారదర్శకమైన పొరలాంటిది), తుదిగీతలు దానిపై మరొక లేయర్‌లో ఉంచండి. ప్రతి గీతకూ అన్‌డూ నొక్కే అలవాటు మాత్రం మానుకోండి, నాకు అది ఇప్పటికీ వదలలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నిష్పత్తి సరిచేశాక వృత్తం వృత్తంలాగే వస్తోంది. గ్లాసు కూడా గీశాను. అడుగును సరళరేఖగానే గీశానని మీ సమాధానం మళ్లీ చదివాక గాని గమనించలేదు.