అప్‌డేట్: విశాఖ–గన్నవరం విమాన దూరం, అసలు పట్టే సమయం

విశాఖ నుంచి గన్నవరం (విజయవాడ ఎయిర్‌పోర్టు) ఆకాశమార్గంలో 290 కిలోమీటర్లే కదా, టికెట్‌లో దాదాపు గంట ఎందుకు వేస్తారని అడిగాను. లెక్క తేలింది.

290ని ఏటీఆర్ 72 (ఈ రూట్లో తిరిగే చిన్న ప్రొపెల్లర్ విమానం) వేగం గంటకు 500 కిలోమీటర్లతో భాగిస్తే 35 నిమిషాలు వస్తుంది. పొరపాటు అక్కడే. పైకి ఎక్కేటప్పుడు ఆ విమానం గంటకు 300–350 కిలోమీటర్లే వెళ్తుంది. దిగేముందు రన్‌వేకి ఎదురుగా రావడానికి చుట్టు తిరగాలి. అలా గాల్లోనే 45 నిమిషాలవుతుంది. పైగా టికెట్‌లో రాసేది బ్లాక్ టైమ్: ఇక్కడ చక్రాల అడ్డుదిమ్మలు తీసినప్పటి నుంచి అక్కడ మళ్లీ పెట్టేదాకా. టాక్సీయింగ్, అంటే విమానం నేల మీద నడిచే సమయం కూడా అందులోదే. విశాఖ రన్‌వే నేవీది, వాళ్ల విమానాలు ఎగురుతుంటే కాస్త ఆగాల్సి వస్తుంది.

యాప్‌లో దూరం 157 అని కనబడితే కంగారు పడకండి, అది నాటికల్ మైళ్లలో. 1.852తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి.

ఇక ఇంటి నుంచి లెక్కేస్తే: చెకిన్ 60 నిమిషాల ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు చేరాలి, ప్రయాణం గంట, బ్యాగు కోసం పావుగంట, గన్నవరం నుంచి బెజవాడకి 20 కిలోమీటర్లు, ముప్పావుగంట. మొత్తం మూడున్నర గంటలు, విశాఖలో ఎయిర్‌పోర్టుకి వెళ్లే సమయం అదనం. వందేభారత్ దాదాపు 4 గంటల్లో ఊరి మధ్యలోనే దింపుతుంది. గన్నవరంలో ఇంకో విమానం అందుకోవాల్సిన పని లేకపోతే నా ఓటు రైలుకే.