ఇంకాథా నాయకుడు బుతెలేజి: జులూలకు అండా, వర్ణవివక్ష ప్రభుత్వానికి ఆసరానా?

గోదావరిగట్టు:
మంగొసుతు బుతెలేజి 2023 సెప్టెంబరులో, 95 ఏళ్ల వయసులో మరణిస్తే దక్షిణాఫ్రికా ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. నాకు ఇది మింగుడుపడలేదు. నల్లవారిని పుట్టిన గడ్డమీదే పరాయివాళ్లను చేయడానికి తెల్ల ప్రభుత్వం దేశాన్ని ముక్కలుగా గీసింది. ఆ ముక్కల్లో జులూ జాతికి గీసిన క్వాజులూకి 1994 దాకా ముఖ్యమంత్రి ఈయనే. 1975లో స్థాపించిన ఇంకాథా ఆ పదవి చుట్టూ అల్లుకున్న పార్టీ. ఇలాంటి మనిషిని విమోచన నాయకుల వరుసలో ఎలా నిలబెడతారు?

పాలమూరు మాస్టారు:
మీరు సగం చరిత్రే చెప్పారు. ఫోర్ట్ హేర్ విశ్వవిద్యాలయంలో మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ) యువజన విభాగంలో ఉండి, నిరసనలో పాల్గొన్నందుకు 1950లో బహిష్కరణకు గురైన మనిషి ఆయన. అలాంటి ముక్కలే అయిన ట్రాన్స్‌కై, బోఫుథట్స్‌వానా, వెండా, సిస్కై నాలుగూ ప్రిటోరియాలోని తెల్ల ప్రభుత్వం విసిరిన ఉత్తుత్తి స్వాతంత్ర్యాన్ని పుచ్చుకున్నాయి. బుతెలేజి ససేమిరా అన్నారు. దేశంలో అతి పెద్ద జాతి జులూలది. వాళ్లు కూడా తల ఊపి ఉంటే లక్షలాది మంది పౌరసత్వం పోయి ఆ పథకం గట్టెక్కేది. మండేలాను విడుదల చేయందే చర్చలకు రానన్నదీ ఆయనే. పైగా ఇంకాథాను పెట్టమని ప్రోత్సహించింది తామేనని 1985లో జాంబియాలోని కాబ్వే మహాసభలో, ప్రవాసంలో ఉన్న ఏఎన్‌సీ అధ్యక్షుడు ఆలివర్ టాంబో స్వయంగా చెప్పారు.

గోదావరిగట్టు:
మాస్టారూ, దాన్ని బుతెలేజి తన సొంత బలగంగా మార్చుకున్నారని కూడా టాంబో ఆ ప్రసంగంలోనే చెప్పారు. 1979లో లండన్‌లో ఏఎన్‌సీ, ఇంకాథా కూర్చున్నాక తెగతెంపులయ్యాయి. తర్వాత సంగతి చెప్పండి. 1991 జులైలో పత్రికలు బయటపెట్టాయి: ఇంకాథా సభలకు పోలీసుల రహస్య నిధి నుంచి రెండున్నర లక్షల రాండ్లు వెళ్లాయి. దీనికేమంటారు?

పాలమూరు మాస్టారు:
తనకు తెలియదన్నారు. ఆయన సహాయకుడు బాధ్యత తనదని చెప్పి రాజీనామా చేశాడు. డబ్బు తిరిగి ఇచ్చేశారు. రెండున్నర లక్షలకు అమ్ముడుపోయే మనిషి, ఆ స్వాతంత్ర్యం పుచ్చుకుంటే దక్కే దేశాధినేత పదవినే కాలదన్నుకుంటాడా?

గోదావరిగట్టు:
రెండున్నర లక్షలే కాదు. ఇంకాథా అనుబంధ కార్మిక సంఘానికి విడిగా పదిహేను లక్షలు. ఆ దెబ్బకే పోలీసు మంత్రి వ్లోక్, రక్షణ మంత్రి మలాన్ తమ శాఖలు పోగొట్టుకున్నారు. ఇచ్చినవాళ్లకు శిక్ష పడింది, పుచ్చుకున్నవాళ్లకు తెలియదట!

వెన్నెలకోన:
ఈ డబ్బు లెక్క దగ్గరే ఎంతసేపు తిరుగుతారు?

డర్బన్ కోడలు:
మా అత్తవారిది నాలుగు తరాలుగా డర్బన్‌లో ఉన్న తెలుగు కుటుంబం. చెరకు తోటల్లో పనికి తెచ్చిన కూలీల సంతతి. 1985 ఆగస్టులో ఇనాండాలో గొడవలు చెలరేగి భారతీయుల ఇళ్లు, దుకాణాలు తగలబడ్డాయి. గాంధీ నెలకొల్పిన ఫీనిక్స్ ఆశ్రమం కూడా అప్పుడే కాలిపోయింది. మా అత్తగారు పసిబిడ్డను చంకనెత్తుకుని పారిపోయారు. నిప్పు పెట్టినవాళ్లు ఏ పార్టీవారో ఆవిడకు ఈనాటికీ తెలియదు. కానీ ఆ తర్వాత ఏళ్లలో నేటాల్ కొండల్లో ఇంకాథాకూ, ఏఎన్‌సీ వైపు నిలిచిన సంఘాల కూటమి యూడీఎఫ్‌కూ జరిగిన పోరాటంలో మా ఇంట పనిచేసే ఆమె ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుంది. చంపినవాళ్లూ జులూలే, చచ్చినవాళ్లూ జులూలే. మీరిద్దరూ దీని గురించి ఒక్క మాటైనా అనలేదు.

పాలమూరు మాస్టారు:
అమ్మా, మీ ఇంటి బాధకు నా సానుభూతి. కానీ ఇంకాథా వాళ్లను కూడా వందల సంఖ్యలో చంపారు. నాయకులను ఇళ్లలోనే కాల్చారు. అది ఎవరూ రాయరు.

గోదావరిగట్టు:
వర్ణవివక్ష కాలపు నేరాలను విచారించిన సత్య శోధన సంఘం రెండువైపులా లెక్క వేసే చెప్పింది కదా! ప్రభుత్వేతర పక్షాల్లో ఎక్కువ హత్యలు చేసింది ఇంకాథాయేనని తేల్చింది. ఇంకాథా ఆ సంఘానికి సహకరించలేదు, కోర్టుకెక్కింది. మీరు మాత్రం ఉత్తుత్తి స్వాతంత్ర్యం తీసుకోలేదు, తీసుకోలేదు అని పాడిన పాటే పాడుతున్నారు. చదువుకున్నవారు ఇంత మొండిగా వాదిస్తే ఏమనాలి?

పాలమూరు మాస్టారు:
మొండితనమనుకోండి. ఒక సమ్మెలో పిల్లల పరీక్షలు పోతాయని నేను బడి తెరిచి పాఠం చెప్పాను. తోటి ఉపాధ్యాయులు నన్ను ద్రోహి అన్నారు. ఏళ్లు గడిచినా కొందరు పలకరించలేదు. 1980లో డర్బన్ దగ్గరి క్వామాషులో విద్యార్థులు బడులు బహిష్కరిస్తే బుతెలేజి వద్దన్నారు. దక్షిణాఫ్రికా మీద విదేశాలు ఆంక్షలు పెడితే ముందు మాడేది గని కార్మికుడి కడుపేనన్నారు. సాయుధ పోరాటం వద్దన్నారు. దుర్మార్గపు ప్రభుత్వం కింద ఉంటూనే బడి, ఆసుపత్రి నడిపినవాడు ద్రోహి అయితే, ఊళ్లో మిగిలినవాళ్లంతా ఏం కావాలి? ప్రవాసంలో కూర్చుని తీర్పు చెప్పడం తేలిక.

గోదావరిగట్టు:
ఇప్పటికి అసలు విషయానికి వచ్చారు. బడి తెరిచినందుకు మిమ్మల్ని ద్రోహి అన్నది అన్యాయం, నేనలా అనను. బుతెలేజి బడి తెరిచినందుకూ నాకు కోపం లేదు. 1986లో దాదాపు రెండువందల మంది ఇంకాథా యువకులను నమీబియాలోని కాప్రివీకి, సైన్యం దగ్గర శిక్షణకు పంపారే, అది బడి కాదు. 1987 జనవరిలో డర్బన్ దగ్గరి క్వామఖూథాలో 13 మందిని, ఎక్కువగా ఆడవాళ్లనూ పిల్లలనూ, కాల్చి చంపారు. ఆ కేసులో 1996లో మలాన్‌తో సహా నిందితులందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. తుపాకులు వద్దన్న మనిషి పార్టీకి తుపాకీ శిక్షణ ఎందుకు?

పాలమూరు మాస్టారు:
తమ నాయకుల ప్రాణరక్షణకన్నారు. కోర్టు ఎవరినీ దోషి అనలేదు.

వెన్నెలకోన:
మరి 1994? అన్ని జాతులూ ఓటేసిన తొలి ఎన్నికలకు వారం ముందు ఇంకాథా బరిలోకి దిగితే, అచ్చయిపోయిన బ్యాలెట్ల అడుగున ఇంకాథా పేరున్న చీటీలు అతికించాల్సి వచ్చింది. అయినా క్వాజులూ నేటాల్‌లో సగానికి పైగా ఓట్లు దానికే. జనం ద్రోహికి వేశారా?

గోదావరిగట్టు:
జనం ఓటేస్తే హత్యలు మాసిపోవు.

డర్బన్ కోడలు:
మండేలా ఆయనను హోంశాఖ మంత్రిని చేశారు, తాను విదేశంలో ఉన్నప్పుడు తాత్కాలిక అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. రక్తపాతం ఆగడానికి అది అవసరమైంది. నేను కాదనను. 2024లో క్వాజులూ నేటాల్‌లో ఇంకాథా ముఖ్యమంత్రి, ఏఎన్‌సీ మంత్రులు ఒకే ప్రభుత్వంలో చేరారు. కానీ మా ఇంట పనిచేసిన ఆమెను ఏ పార్టీవారూ వచ్చి అడగలేదు, నీ కొడుకులను ఎవరు చంపారో తేలుస్తామని చెప్పలేదు. మాస్టారూ, మీకు ఒక్కటే అడుగుతాను. మిమ్మల్ని ద్రోహి అన్నవాళ్ల మీద మీకు ఇన్నేళ్లూ కోపం తగ్గలేదే, ఆ తల్లి ఎవరిని అడగాలి?

పాలమూరు మాస్టారు:
రెండు పార్టీలనూ అడగాలమ్మా. బుతెలేజి ఆ సత్య శోధన సంఘం ముందుకొచ్చి అన్నీ విప్పి చెప్పి ఉండాల్సింది, అంతవరకు ఒప్పుకుంటాను. అందుకని ఆయన నిరాకరించిన స్వాతంత్ర్యాన్ని చెరిపేయడానికి మాత్రం ఒప్పుకోను.

గోదావరిగట్టు:
నేను చెరిపేయమనలేదు. పక్కనే క్వామఖూథా పేరు కూడా రాయమంటున్నాను. రాస్తారా?