విశ్వవిద్యాలయాల ఉమ్మడి లాగిన్: ఏ ఆట్రిబ్యూట్లను (వ్యక్తి వివరాలను), ఏ అర్థంతో పంపుకోవాలి?

ప్రశ్న (విశ్వవిద్యాలయ కంప్యూటర్ కేంద్రం నుంచి):
నమస్కారం. ఒక చోటి విద్యార్థి తన సొంత లాగిన్‌తోనే మిగిలిన మూడు చోట్ల ఉన్న థీసిస్ భాండాగారాలను చూసుకునేలా మేము నాలుగు విశ్వవిద్యాలయాల వాళ్లం కలిసి ఏర్పాటు చేస్తున్నాం. ఇలాంటి ఉమ్మడి లాగిన్‌కు వాడే షిబ్బోలెత్ సాఫ్ట్‌వేర్ పనిచేస్తోంది, సర్వర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి కావలసిన మెటాడేటా కూడా ఇచ్చిపుచ్చుకున్నాం. చిక్కంతా లాగిన్ అయ్యాక పంపే వివరాల దగ్గరే వచ్చింది. పీహెచ్‌డీ స్కాలర్‌ను ఒక విశ్వవిద్యాలయం డైరెక్టరీలో (సభ్యుల వివరాల జాబితాలో) ‘స్టూడెంట్’ అని, ఇంకొక దాంట్లో ‘రీసెర్చ్’ అని, మరొక దాంట్లో ‘ప్రాజెక్ట్ స్టాఫ్’ అని రాసుకున్నారు. పుట్టిన తేదీ, ఫోన్ నంబరు కూడా పంపుదామని ఒకరు పట్టుబడుతున్నారు. వేటిని తప్పనిసరి చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (గ్రంథాలయ సేవల విభాగం):
దయచేసి కొత్త పదజాలం తయారు చేయకండి. విద్యాసంస్థల్లోని వ్యక్తుల వివరాల కోసం 2001 నుంచి ఉన్న ఎడ్యుపర్సన్ స్కీమాలో (ఉమ్మడి పదజాలంలో) అఫిలియేషన్‌కు, అంటే సంస్థతో ఉన్న సంబంధానికి, ఎనిమిది విలువలే ఉన్నాయి: ఫ్యాకల్టీ, స్టూడెంట్, స్టాఫ్, ఎంప్లాయీ, మెంబర్, అఫిలియేట్, అలమ్ (పూర్వ విద్యార్థి), లైబ్రరీ వాక్ ఇన్ (గ్రంథాలయానికి స్వయంగా వచ్చిన పాఠకుడు). ఒకే మనిషికి ఒకటికి మించిన విలువలు ఇవ్వవచ్చు కనుక మీ స్కాలర్ విషయంలో తగవే అక్కర్లేదు. అతను స్టూడెంట్, మెంబర్, జీతం మీద పాఠం చెబుతుంటే ఎంప్లాయీ కూడా.

మన దగ్గర అందరూ పొరబడేది ‘అఫిలియేట్’ దగ్గర. అనుబంధ కళాశాలను మనం అఫిలియేటెడ్ కాలేజీ అంటాం కాబట్టి అక్కడి అధ్యాపకులందరికీ ఆ విలువ ఇచ్చేస్తారు. స్కీమాలో ఆ మాటకు, సంస్థతో ఏదో సంబంధం ఉన్నా సభ్యుడికి ఉండే హక్కులు లేని వ్యక్తి అని అర్థం. మీ నాలుగు సంస్థలూ అనుబంధ కళాశాలల వారికి ఏ హక్కులు ఇవ్వదలిచాయో ముందు కాగితం మీద రాసుకోండి. ఆ తరువాత విలువ, దాని వెనుక సంస్థ ఇంటర్నెట్ డొమైన్ కలిపి పంపే స్కోప్డ్ అఫిలియేషన్ చాలు. భాండాగారం చదివేవారి నుంచి పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అడగడానికి నాకైతే ఒక్క కారణమూ కనబడదు.

జవాబు 2 (ఐడెంటిటీ సర్వర్ నిర్వాహకుడు):
గుర్తింపు విషయంలో నేను దెబ్బతిన్నాను కనుక ఇది గట్టిగా చెబుతున్నాను. మునుపు పనిచేసిన చోట మెయిల్ ఐడీనే ప్రిన్సిపల్ నేమ్‌గా (లాగిన్ అయింది ఎవరో అవతలి సేవకు చెప్పే పేరుగా) పంపేవాళ్లం. చదువు ముగించి వెళ్లిన విద్యార్థిని ఐడీని, అవే పొడి అక్షరాలు, అదే పేరు ఉన్న కొత్త అమ్మాయికి ఇచ్చారు. ఆమె లాగిన్ కాగానే పాత అమ్మాయి దాచుకున్న వ్యాసాలు, రాసుకున్న నోట్సు అన్నీ తెరమీద కనిపించాయి. ప్రిన్సిపల్ నేమ్‌ను మరొకరికి ఇవ్వకూడదని ఎడ్యుపర్సన్ ఎక్కడా కట్టడి చేయలేదు. అందుకే సాంకేతిక ప్రమాణాల సంస్థ ఓయాసిస్ 2019లో కమిటీ స్పెసిఫికేషన్‌గా వెలువరించిన సబ్జెక్ట్ ఐడీ, పెయిర్‌వైజ్ ఐడీ అనే గుర్తింపులను తీసుకోండి. ఈ రెండింటినీ ఎప్పటికీ మరొకరికి కేటాయించరాదు. పెయిర్‌వైజ్ ఐడీ ఒక్కో సేవకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఎవరు ఏమి చదువుతున్నారో రెండు సేవలు జతకలిపి చూడలేవు. చదవడానికే అయితే అదే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. థీసిస్ సమర్పించేవారి పేరు మాత్రం మాకు కావాలి. ఒక చోట ఇంటిపేరును సర్‌నేమ్‌లో పెట్టారు, మరో చోట పదో తరగతి మెమోలో ఉన్న పేరంతా గివెన్ నేమ్‌లో వేసి సర్‌నేమ్‌లో చుక్క పెట్టారు.

జవాబు 1 ఇచ్చినవారు:
ఆ చుక్క ఎందుకు వచ్చిందో ఊహించగలను. డైరెక్టరీలకు వాడే ఎల్‌డాప్ పద్ధతిలో పర్సన్ అనే ఎంట్రీ తరగతికి సర్‌నేమ్ తప్పనిసరి, ఖాళీగా వదిలితే ఎంట్రీయే చేరదు. ఇంటిపేరు ముందు వచ్చే మన పేర్లను రెండు ముక్కలు చేసి అవతల అతికించబోతే ఎవరి పేరూ సరిగా రాదు. సమర్పణ సేవకు డిస్‌ప్లే నేమ్ (తెర మీద చూపే పూర్తి పేరు) ఒక్కటే అడగండి, అందులో డిగ్రీ పట్టా మీద అచ్చయ్యే రూపాన్నే ఉంచండి. పరిశోధన సేవలకు ఉద్దేశించిన రీసెర్చ్ అండ్ స్కాలర్‌షిప్ వర్గం కూడా గివెన్ నేమ్, సర్‌నేమ్‌ల జతకు బదులు డిస్‌ప్లే నేమ్‌ను ఒప్పుకుంటుంది. సంతకాలకు ముందు, నాలుగు చోట్లా ఒక స్కాలర్, ఒక అతిథి అధ్యాపకుడు, ఒక పూర్వ విద్యార్థి పేరిట పరీక్ష ఖాతాలు తెరిచి, అవతలి సర్వర్‌కు నిజంగా ఏమి చేరిందో పక్కపక్కన పెట్టి చూసుకోండి.