ఉప్పుగాలి తగిలే పెరటిలో ఏ తెల్లపూల మొక్కలు నిలుస్తాయి?

నమస్కారం. మా ఇల్లు శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో, సముద్రానికి దగ్గరగా ఉంది. పెరటిలో తూర్పువైపు జాగా అంతా తెల్లపూల మొక్కలే పెంచాలని, ఏడాది పొడవునా పూజకు పూలు అందాలని మా అమ్మగారి కోరిక.

నేల ఇసుకపాలు ఎక్కువ, బోరు నీరు కాస్త ఉప్పన. ఇప్పటికే ఉన్న నందివర్ధనానికి గాలి తగిలే వైపు ఆకుల అంచులు మాడి ముడుచుకుపోతున్నాయి. అదే మొక్కకు గోడ చాటునున్న కొమ్మలు మాత్రం పచ్చగా ఉండి రోజూ పూస్తున్నాయి. తెల్ల గన్నేరు ఉప్పుగాలిని తట్టుకుంటుంది గానీ, దాని ప్రతి భాగమూ విషమే కనుక, ఆవుదూడలు తిరిగే పెరటిలో నాటడానికి మనసొప్పడం లేదు. అందువల్ల గాలివైపు దేవగన్నేరు, దాని చాటున గుండుమల్లె, పారిజాతం వేయాలనుకుంటున్నాను. ఈ అమరిక సరైనదేనా?

గంధరాజం అంటే అమ్మగారికి ప్రాణం. ఆమ్లగుణమున్న నేలను కోరే ఆ మొక్కను పెద్ద కుండీలో ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి, పట్టి ఉంచిన వాననీటితో పెంచితే నిలుస్తుందా? దేవగన్నేరు కొమ్మను ఇప్పుడే నాటవచ్చా, అక్టోబరు, నవంబరు తుఫానులు దాటే వరకు ఆగాలా? తీరంలో పూలమొక్కలు పెంచిన అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.