అప్‌డేట్: తోడికోడలి మీద కడుపుమంట

తోడికోడలికి డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి నిద్రపట్టట్లేదని రాశాను కదా. సౌలు, దావీదు ఇద్దరూ నీలోనే ఉన్నారనుకుని బైబిల్లో మొదటి సమూయేలు 18 చదవమన్నారొకరు. యుద్ధంలో దావీదుకు వచ్చిన పేరు చూసి ఓర్వలేక, సితారా వాయిస్తున్న అతని మీద సౌలు రాజు ఈటె విసిరిన కథ అది. 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెన్ కూడా బైబిల్లోని యెహోషువ యుద్ధాలను మనసులోని దుర్గుణాలతో పోరుగానే చదివాడు. మా పాస్టరుగారికి ఈ పద్ధతి అంతగా నచ్చలేదు, అది వేరే సంగతి.

మొన్న రాజాంలో ఆవిడ మొదటి జీతంతో అత్తగారికి చీర తెచ్చింది. అత్తగారు అంచు పట్టుకుని వీధిలో అందరికీ చూపిస్తుంటే, సౌలు చంపింది వేలమందిని, దావీదు పదివేలమందిని అని ఆ కథలో ఆడవాళ్లు పాడిన పాటే నాకు వినబడింది. ఈటె పట్టుకున్నది ఎవరో తెలిసిపోయింది. సితారా వాయించేవాడూ లోపలే ఉన్నాడు కదా అని కాసేపు ఊరుకున్నాను. మంట పోలేదుగానీ నోటిదాకా రాలేదు. "చీర బాగుందమ్మా" అన్నాను, సగం మనస్ఫూర్తిగానే.

వచ్చే డీఎస్సీకి తన పుస్తకాలిస్తానంటోంది. తీసుకుంటున్నాను.